రాజీనామా కాగితం ముందు పెడితే...

ఉద్యోగ హక్కులు: పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

ఈసారి సీమ నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే తీరువి. ఆఫీసులో ఎవరో ఫిర్యాదు చేస్తారు, విచారణ ఊసుండదు, "నువ్వే రాసిచ్చి వెళ్లిపో" అంటారు. అలాంటివి ఐదు ఎంచుకున్నాం. మనుషుల్నీ సంస్థల్నీ గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

ప్రశ్న: కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో 9 ఏళ్ల 2 నెలలుగా పనిచేస్తున్నాను. జీతం 27,000. అందులో బేసిక్, డీఏ కలిపి 15,600. నగదు లెక్కలో తేడా ఉందనీ, అడిగితే నేను తిట్టాననీ తోటి ఉద్యోగి ఒకరు ఫిర్యాదు ఇచ్చారట. ఆ కాగితం నాకు చూపించలేదు. హెచ్‌ఆర్ గదికి పిలిచి, ముందే టైపు చేసిన రాజీనామా ముందు పెట్టి, "పెద్దది చేసుకోవద్దప్పా, సంతకం పెట్టి పో. లేదంటే డిస్మిస్ చేసి పోలీసు కేసు పెడతాం" అన్నారు. నేను పెట్టలేదు. రోజు విడిచి రోజు పిలుస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: మిమ్మల్ని తీసేసే అధికారం యాజమాన్యానికి ఉంది. అయితే తీసేయాలంటే ఆరోపణ కాగితం మీద పెట్టాలి, మీ సమాధానం తీసుకోవాలి, విచారణ జరపాలి, తప్పు రుజువు చేయాలి. మీరే రాసిచ్చి వెళ్తే ఈ నాలుగు పనులూ వాళ్లకు తప్పుతాయి. పైగా రేపు "బలవంతంగా రాయించుకున్నారు" అని రుజువు చేసే బరువు మీ నెత్తిన పడుతుంది. ఆ సంతకం కోసం అంత తొందర అందుకే.

ఇప్పటిదాకా జరిగిందంతా నోటిమాటే కాబట్టి మొదట దాన్ని కాగితం మీదకు తేవాలి. ఈ రాత్రే హెచ్‌ఆర్‌కు, వారి పైఅధికారికి ఒక ఈ-మెయిల్ పంపండి. ఇంత చాలు: "ఫలానా తేదీ సాయంత్రం 6.10కి హెచ్‌ఆర్ గదిలో ఫలానావారు నన్ను రాజీనామా చేయమన్నారు. నాపై వచ్చిన ఫిర్యాదు కాపీ ఇంతవరకు నాకు అందలేదు. ఫిర్యాదు, తేడా ఉందంటున్న రోజుల నగదు లెక్కల ప్రతులు ఇస్తే రాతపూర్వకంగా సమాధానం ఇస్తాను. విచారణకు సహకరిస్తాను. రాజీనామా చేసే ఉద్దేశం నాకు లేదు. రోజూ డ్యూటీకి వస్తున్నాను."

ఇందులో ఆఖరి రెండు వాక్యాలు అన్నిటికంటే ముఖ్యం. అవి లేకపోతే నెల తర్వాత "తనే రావడం మానేశాడు" అంటారు. లెక్క ఎందుకు తేడా వచ్చిందో ఈ ఉత్తరంలో వాదించకండి. ఫిర్యాదు చూడకుండా ఇచ్చే సంజాయిషీ తర్వాత మీకే అడ్డం తిరుగుతుంది. "తెలియక జరిగింది, క్షమించండి" అనే మాట అసలే వద్దు. మర్యాదకోసం రాశామనుకుంటారు గానీ విచారణాధికారి దాన్ని ఒప్పుకోలుగానే చదువుతాడు. సంస్థ ఈ-మెయిల్ ఎప్పుడైనా ఆపేస్తారు కాబట్టి మీ సొంత ఐడీ నుంచే పంపండి. అదే ఉత్తరం ప్రింటు తీసి స్పీడ్ పోస్టులో వేసి రసీదు దాచండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులోనే కలిపేశారు, దాని కోసం వెతకొద్దు.

మళ్లీ పిలిస్తే వెళ్లండి. వెళ్లకపోతే అది అవిధేయత అవుతుంది. ఏ కాగితమైనా ఇస్తే "అందింది" అని రాసి, తేదీ, టైము వేసి సంతకం చేయండి. అంతకుమించి ఒక్క అక్షరం వద్దు. ఖాళీ చెక్కులు, ప్రామిసరీ నోట్లు, "తేడా సొమ్ము నేనే కడతాను" అనే హామీలు అస్సలు ఇవ్వకండి. సంభాషణలో మీరూ ఒకరు కాబట్టి ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు. కాకపోతే సంస్థ నియమాల్లో నిషేధం ఉందేమో ముందు చూసుకోండి. రికార్డు చేస్తే ఆ ఫోనును మార్చకండి, ఫైలును కత్తిరించకండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేస్తేనే దాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది.

భయంలో చాలామంది చేసే తప్పు ఇంకొకటి ఉంది. ఆసుపత్రి లెక్కలు, రోగుల బిల్లులు తమ సొంత మెయిల్‌కు పంపించుకుంటారు. మొదటి ఫిర్యాదు తేలకపోయినా, ఈ ఒక్క పనితో కొత్త ఆరోపణ తయారవుతుంది. మీ నియామక పత్రం, జీతం స్లిప్పులు, మీకు వచ్చిన మెమోలు, హాజరు వివరాలు దాచుకోండి. లెక్కల ప్రతులు మాత్రం రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

పోలీసు కేసు సంగతి. డబ్బు తేడా ఉందని నమ్మితే మీరు రాజీనామా చేసినా వాళ్లు కేసు పెట్టగలరు, చేయకపోయినా పెట్టగలరు. సంతకం పెట్టినంత మాత్రాన ఆ దారి మూసుకుపోదు. అదే సమయంలో, "కేసు పెడతామని బెదిరించారు" అన్న ఒక్క కారణంతో రాజీనామా చెల్లదని కోర్టు చెప్పడమూ కష్టమే. చట్టం ఇచ్చిన దారిలో వెళ్తామనడం బెదిరింపు కిందికి రాదని అవతలివాళ్లు వాదిస్తారు. టైపు చేసి ఉంచిన కాగితం, గదిలో కూర్చోబెట్టిన గంటలు, బయటికి వచ్చిన వెంటనే మీరు పంపిన అభ్యంతరం, ఇవన్నీ కలిస్తేనే బలవంతం రుజువవుతుంది.

ఇక ఎదుటి వైపు కూడా చూద్దాం. తేడా నిజంగానే ఉందని మీకు తెలిస్తే, రుజువు చేయడానికి వాళ్ల దగ్గర సీసీటీవీ, రసీదులు ఉంటే, గౌరవంగా బయటికి రావడమే తెలివైన పని కావచ్చు. గ్రాట్యుటీని (ఏళ్ల తరబడి చేసిన సర్వీసుకు చివర్లో ఇచ్చే సొమ్ము) పూర్తిగానో కొంతో ఆపాలంటే, చట్టం చెప్పిన దుష్ప్రవర్తన కారణంగా ఉద్యోగం నుంచి తీసేసి ఉండాలి. నైతిక పతనం కిందికొచ్చే నేరం విషయంలో క్రిమినల్ కోర్టు శిక్ష పడి ఉండాల్సిన పనిలేదని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. రాజీనామా చేసినవాడి మీద ఈ కత్తి వేలాడదు. మీకు రావాల్సిన గ్రాట్యుటీ: 15,600ను 26తో భాగిస్తే 600, దాన్ని 15 రోజులతో గుణిస్తే 9,000, తొమ్మిదేళ్లకు 81,000. ఇంకో నాలుగు నెలలు దాటి 9 ఏళ్ల ఆరు నెలలకు మించితే పదేళ్లుగా లెక్కేసి 90,000 ఇవ్వాలి. చివరి తేదీ మాట్లాడుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

అలా బయటికి రావాలనుకుంటే షరతులన్నీ ముందు ఈ-మెయిల్లో ఖాయం చేసుకొని, ఆ తర్వాతే రాజీనామా పంపండి. వాళ్లు టైపు చేసింది వద్దు, మీరే రెండు లైన్లు రాయండి. నోటీసు కాలం జీతం ఇస్తారా, లేక నోటీసు లేకుండానే రిలీవ్ చేస్తారా అన్నది ముందు తేల్చుకోండి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. "తక్షణం" అని వాళ్లే రాయించుకుంటారు, తీరా ఫుల్ అండ్ ఫైనల్ (ఆఖరి చెల్లింపు) లెక్కలో "నోటీసు ఇవ్వకుండా వెళ్లారు" అని నెల జీతం కోస్తారు. మిగిలిన సెలవుల సొమ్ము, గ్రాట్యుటీ అంకె, రిలీవింగ్ లెటర్లో ఏ మాటలుంటాయి, ఫిర్యాదును మూసేసినట్టు ఒక వాక్యం, ఇవన్నీ ఆ మెయిల్లో ఉండాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినా తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. "45 రోజులు పడుతుంది" అనే పాత అలవాటు ఇప్పుడు చెల్లదు. గ్రాట్యుటీకి మాత్రం 30 రోజుల గడువుంది.

ప్రశ్న: కడపలో ఒక ఫైనాన్స్ సంస్థలో వసూళ్ల పని నాది. కస్టమర్‌తో దురుసుగా మాట్లాడానని ఫిర్యాదు వస్తే, మూడు గంటలు కూర్చోబెట్టి రాజీనామా రాయించుకున్నారు. నోటీసు కాలం 60 రోజులు, ఇంకా 38 రోజులుంది. అంగీకరించినట్టు నాకు ఏ ఉత్తరమూ రాలేదు. వెనక్కి తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు, కానీ ఈ పత్రిక పక్కన పెట్టి ఇప్పుడే రాయండి. రాజీనామా అమల్లోకి రాకముందు ఉపసంహరించుకోవచ్చన్నది సుప్రీంకోర్టు 1978 నుంచి చెబుతున్న సూత్రం. 2024 సెప్టెంబరులో కొంకణ్ రైల్వే ఉద్యోగి ఒకరి కేసులోనూ అదే నిలబడింది. అంగీకరించామని యాజమాన్యం చెప్పినా అది అతనికి అందినట్టు రుజువు లేదు, పైగా ఆ తర్వాత కూడా అతన్ని డ్యూటీకి పిలిచారు. అది ప్రభుత్వ రంగ సంస్థ. ప్రైవేటులో మొదట మీ నియామక పత్రం చూస్తారు. "ఒకసారి ఇచ్చిన రాజీనామా యాజమాన్యం ఒప్పుకుంటేనే వెనక్కి" అనే షరతు అందులో ఉందేమో చూడండి.

ఉపసంహరణ లేఖలో మూడు సంగతులు రాయండి: ఏ తేదీన, ఏ పరిస్థితిలో రాయించుకున్నారు, అది మీ ఇష్టంతో ఇచ్చింది కాదు, ఈ లేఖతో దాన్ని ఉపసంహరించుకుంటున్నారు. "నన్ను కనికరించి కొనసాగించండి" అని రాస్తే ఉపసంహరణ కాస్తా వినతిపత్రం అయిపోతుంది. పంపాక రోజూ వెళ్లండి. గేటు దగ్గర ఆపితే అక్కడే నిలబడి టైముతో ఫోటో తీసి, "ఈ రోజు 9.40కి డ్యూటీకి వస్తే లోపలికి రానివ్వలేదు" అని అప్పటికప్పుడే మెయిల్ కొట్టండి. అలా మూడు రోజులు చాలు. గొడవపడొద్దు, సెక్యూరిటీ మనిషిని తోస్తే కొత్త ఆరోపణ పుడుతుంది.

వాళ్లు ఒప్పుకోకుండా లెక్క తేల్చి డబ్బు వేస్తే, వేయనివ్వండి. "నాకు ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న కాగితం మీద మాత్రం సంతకం వద్దు. తప్పదంటే సంతకం పక్కనే "ఆక్షేపణతో తీసుకున్నాను" అని మీ చేత్తో రాయండి.

తర్వాతి మెట్టు కార్మిక శాఖ. రాజీనామా బలవంతపుదని తేలితే అది తొలగింపు కిందే లెక్క. కాబట్టి పారిశ్రామిక సంబంధాల కోడ్ కింద రాజీ అధికారికి అర్జీ ఇవ్వాలి. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. సీమలో లేబర్ కోర్టు అనంతపురంలో ఉంది. పాత చట్టంలో దీనికి మూడేళ్ల గడువుండేది, కొత్త కోడ్‌లో రెండేళ్లే. అయినా గడువుంది కదా అని కూర్చోవద్దు. నాలుగు నెలలు మాట్లాడకుండా ఉండి ఐదో నెలలో "బలవంతం" అంటే ఎవరూ నమ్మరు.

"నన్ను సీనియర్ ఎగ్జిక్యూటివ్ అంటారు, నాకు లేబర్ చట్టం వర్తించదట" అని చాలామంది వెనకడుగు వేస్తారు. పేరు కాదు, రోజూ చేసే పని చూస్తారు. గుమాస్తా పని, ఫీల్డు పని, సాంకేతిక పని చేసేవారికి జీతం ఎంతున్నా వర్తిస్తుంది. పదిమంది పని చూసే సూపర్‌వైజర్‌కైతే నెలకు 18,000 దాటితే వర్తించదు. సెలవులు మంజూరు చేసే, మనుషుల్ని తీసుకునే అధికారం ఉన్న అసలైన మేనేజర్‌కు సివిల్ కోర్టే దారి. అక్కడ ఉద్యోగం తిరిగి రావడం దాదాపు ఉండదు, నష్టపరిహారమే. టీచర్లు, లెక్చరర్లు కూడా ఈ కోడ్ కిందికి రారు. వాళ్లకు 1982 నాటి విద్యా చట్టం వేరే రక్షణ ఇస్తుంది.

ప్రశ్న: అనంతపురంలో ఒక షోరూంలో పనిచేస్తున్నాను. మొత్తం ఏడుగురం. మేనేజర్ అసభ్యంగా ప్రవర్తిస్తున్నాడని ఓనర్‌కు చెప్పాను. ఆయన "గొడవలెందుకమ్మా, మీరిద్దరూ మానేయండి, ఒక నెల జీతం ఇస్తా" అంటున్నారు. నేనెందుకు మానేయాలి?

జవాబు: మానేయక్కర్లేదు. పదిమంది లోపు ఉన్నచోట సంస్థలో కమిటీ ఉండదు కాబట్టి, పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం కింద జిల్లాకు ఒక స్థానిక కమిటీ ఉంటుంది. కలెక్టరేట్‌లోగానీ, మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలోగానీ అడగండి. మున్సిపల్ వార్డు, మండల స్థాయిలో నోడల్ అధికారి ఫిర్యాదు తీసుకొని ఏడు రోజుల్లో కమిటీకి పంపాలి. ఇలాంటి ఫిర్యాదుల కోసం కేంద్రం పెట్టిన షీ-బాక్స్ వెబ్‌సైటులోనూ వేయొచ్చు.

ఆఖరి సంఘటన జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించగలదు. ఫిర్యాదు ఆరు ప్రతులు, వాటితోపాటు మెసేజీల ప్రింట్లు, సాక్షుల పేర్లు, చిరునామాలు. సంఘటనలను తేదీల వారీగా రాయండి. "ఎప్పుడూ ఇలాగే చేస్తాడు" అన్న వాక్యం దగ్గర కమిటీకి పట్టు దొరకదు. "ఫలానా తేదీ, మధ్యాహ్నం స్టాక్ గదిలో, ఫలానా మాట అన్నాడు, అప్పుడు ఫలానా ఆమె బిల్లింగ్ దగ్గరుంది" అంటే దొరుకుతుంది. విచారణ నడుస్తున్నంతకాలం అతన్నో మిమ్మల్నో వేరేచోటికి మార్చమని, లేదా మూడు నెలల వరకు సెలవు ఇప్పించమని రాతపూర్వకంగా కోరవచ్చు. ఈ సెలవు మీకున్న సెలవులకు అదనం. విచారణ 90 రోజుల్లో ముగియాలి. మీరు కోరితే రాజీ ప్రయత్నం చేస్తారు గానీ, డబ్బు తీసుకొని రాజీపడటం ఈ చట్టంలో కుదరదు. కాబట్టి ఓనర్ ఇస్తానన్న నెల జీతం మీ ఫిర్యాదుకు ఖరీదు కాజాలదు. ఇప్పటికే మానేసినా గడువులో ఉంటే ఫిర్యాదు చెల్లుతుంది.

షాపుల చట్టం మీ షోరూంకు వర్తిస్తే అదీ మీ వైపే ఉంటుంది. ఆరు నెలలు నిండినవారిని సరైన కారణం లేకుండా, నెల నోటీసో ఆ జీతమో ఇవ్వకుండా తీయకూడదు. ఏడాది నిండితే ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం అదనం.

ఇలాంటి ఫిర్యాదు ఎదుర్కొంటున్నవారు కూడా మాకు రాస్తున్నారు కాబట్టి రెండు మాటలు. ఫిర్యాదు కాపీ మీకు ఏడు పనిదినాల్లో అందాలి, అందాక పది పనిదినాల్లో జవాబివ్వాలి. లాయర్‌ను లోపలికి రానివ్వరు. వరుసగా మూడుసార్లు రాకపోతే, 15 రోజుల నోటీసిచ్చి మీరు లేకుండానే తేల్చేస్తారు. ఫిర్యాదు చేసినామెకు ఫోన్ చేసి "మాట్లాడుకుందాం" అనడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. రుజువు కానంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదని చట్టమే చెబుతోంది, కాబట్టి "తిరిగి ఆమెపై చర్య" అని ముందే కేకలు వేయకండి.

ప్రశ్న: తాడిపత్రి దగ్గర 400 మంది పనిచేసే ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ని. షిఫ్టు ఇన్‌చార్జిని కొట్టానని సస్పెండ్ చేశారు. చార్జిషీటు వచ్చింది, వచ్చే నెల ఎంక్వైరీ. "రాజీనామా ఇస్తే ఎంక్వైరీ ఆపేస్తాం" అంటున్నారు. జీతం 22,000. సస్పెన్షన్‌లో ఏమీ రాదా?

జవాబు: వస్తుంది. మొదటి 90 రోజులు సగం జీతం, అంటే 11,000. మీ వల్ల కాకుండా ఎంక్వైరీ ఆలస్యమైతే ఆ తర్వాత 75 శాతం, 16,500. ఇది 300 మంది, అంతకన్నా ఎక్కువమంది ఉన్న సంస్థలకు రాసిన నియమం. అంతకన్నా చిన్నచోట నియామక పత్రంలోనో సంస్థ నియమాల్లోనో సస్పెండ్ చేసే అధికారం రాసి ఉండాలి. లేకపోతే పూర్తి జీతమే అడగొచ్చు. సస్పెన్షన్‌లో ఇచ్చే ఈ భృతి ఇవ్వకుండా ఎంక్వైరీ నడిపితే ఆ ఎంక్వైరీయే తర్వాత కోర్టులో బలహీనపడుతుంది. అందుకే మొదటి నెల ఆగగానే రాతపూర్వకంగా అడగండి.

ఎంక్వైరీకి తప్పకుండా వెళ్లండి. "వాళ్ల మనిషే విచారణాధికారి, పోయి ఏం లాభం" అని ఇంట్లో కూర్చున్నవాళ్లే ఎక్కువగా ఓడిపోతున్నారు. మొదటి రోజే పత్రాల జాబితా ఇవ్వండి: ఫిర్యాదు ప్రతి, ఆ షిఫ్టు హాజరు పట్టీ, సీసీటీవీ, ఆసుపత్రి కాగితం ఉంటే అది. సాయంగా తోటి కార్మికుణ్నో యూనియన్ మనిషినో కూర్చోబెట్టుకోవచ్చు. యాజమాన్యం తరఫున లాయర్ వస్తే మీకూ లాయర్ కావాలని అడగండి. వాళ్ల సాక్షులు చెప్పాక ప్రశ్నలు వేసే హక్కు మీది. ఎక్కడ నిలబడ్డారు, ఎంత దూరం, ఎవరి ముఖం ఎటు ఉంది, మెయిన్ ప్యానెల్ మోగుతుంటే మాటలు ఎలా వినపడ్డాయి, ఇలాంటివి అడగండి. "నువ్వు అబద్ధం చెబుతున్నావు" అనడం ప్రశ్న కాదు.

రోజు చివర ప్రతి పేజీ చదివి సంతకం చేయండి. మీరు చెప్పింది రాయకపోతే సంతకం పైన ఆ సంగతి రాయండి. మీకు తెలియని భాషలో రాస్తుంటే తెలుగులో చదివి వినిపించమనండి, విన్నట్టు కూడా రాయించండి. కాపీ అదే రోజు తీసుకోండి.

ఎంక్వైరీ సరిగా జరపకుండా తీసేసినంత మాత్రాన మీరు గెలిచినట్టు కాదు. యాజమాన్యం కోర్టులోనే కొత్తగా సాక్ష్యం పెట్టి రుజువు చేసుకోవచ్చు. గెలిచినా పని బదులు ఒకే మొత్తం పరిహారం ఇప్పించే తీర్పులు ఈ మధ్య ఎక్కువ. కొట్టిన మాట నిజమై, సీసీటీవీలో ఉంటే, మొదటి జవాబులో చెప్పిన లెక్క మీకూ వర్తిస్తుంది. అక్కడా షరతులు ముందు, రాజీనామా తర్వాత. ఫ్యాక్టరీకి సొంత గని ఉండి మీరు గని హాజరులో ఉంటే అది కేంద్ర పరిధి, జిల్లా కార్మిక శాఖ అర్జీ తీసుకోదు. సిమెంటు పరిశ్రమవాళ్లూ అర్జీ ఇచ్చేముందు ఎవరి పరిధో అడిగి తెలుసుకోండి, తిరుగుడు తప్పుతుంది.

ప్రశ్న: ఫిర్యాదు తర్వాత రాజీనామా చేశాను. ఆదోనిలో కొత్త ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది. ఎందుకు మానేశావంటే ఏం చెప్పాలి? పీఎఫ్‌లో ఏమైనా కనపడుతుందా?

జవాబు: పీఎఫ్ పోర్టల్లో చివరి తేదీ, మానేసిన కారణం ఉంటాయి. అక్కడ రాజీనామాకు సంబంధించిన కారణమే ఉందో లేదో ఇంటర్వ్యూకు ముందే మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు)తో లాగిన్ అయి చూడండి. తప్పుగా ఉంటే పాత సంస్థకు మెయిల్ పెట్టండి. దిద్దకపోతే కడపలోని పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయానికి ఫిర్యాదు చేయండి. అసలు తేదీయే వేయకపోతే, ఆఖరి చందా పడ్డ రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు.

ఇంటర్వ్యూలో "అక్కడ పని పద్ధతిపై భేదాభిప్రాయం వచ్చి రాజీనామా చేశాను" అంటే చాలు, కథ మొత్తం విప్పక్కర్లేదు. దరఖాస్తు ఫారంలో "మీపై ఎప్పుడైనా క్రమశిక్షణ చర్య ప్రారంభించారా" అన్న గడి ఉంటే మాత్రం చూసి నింపండి. చార్జిషీటు వచ్చి ఉంటే "లేదు" అని రాయకండి. నోటిమాట ఫిర్యాదు దగ్గరే ఆగిపోయి, ఏ కాగితమూ రాకపోతే "లేదు" అన్నది నిజమే. అబద్ధం రాసి చేరితే, వెరిఫికేషన్‌లో బయటపడ్డ రోజు ఆ ఫారమే మీ మీద కొత్త చార్జిషీటవుతుంది.